ఫోను లెక్క ఎవరు చూస్తారు?

విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లల గురించి నేడు తల్లిదండ్రుల నోట తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒక్కటే: ‘ఎప్పుడు చూసినా ఫోనే!’ ఇందులో నిజం లేకపోలేదు. అయితే కేవలం మందలింపుతో ఈ సమస్య తీరుతుందా?

ఫోను నేడు విలాస వస్తువు కాదు. 2016లో జియో రాకతో ఇంటర్నెట్ చౌకయింది. 2020లో కరోనా వల్ల తరగతి గదే ఫోనులోకి వచ్చింది. హాల్ టికెట్టు, ఫలితాలు, ఉపకార వేతనాల దరఖాస్తు అన్నీ అందులోనే. కనుక ‘ఫోను పారెయ్’ అనడం పరిష్కారం కాదు.

చిక్కంతా మరోచోట ఉంది. పరీక్షలు, ఉద్యోగం, ఇంటి అప్పులు తలచుకుని కలత చెందిన విద్యార్థి ఊరట కోసం ఫోను తీస్తాడు. అక్కడ తోటివారి విజయాలు, విహారాలు కనిపిస్తాయి. తాను వెనుకబడ్డాననే దిగులు పెరుగుతుంది. నిద్ర తగ్గుతుంది, చదువు మిగిలిపోతుంది. ఆ కలతతోనే మళ్ళీ ఫోను తీస్తాడు. ఆందోళన ఫోనుకు కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది.

ఈ వలయాన్ని తెంచే దారి ఉందా? అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కోదాన్ని రోజుకు పది నిమిషాలకు పరిమితం చేసుకున్నారు. మిగిలినవారు యథాప్రకారం వాడుకున్నారు. మూడు వారాల్లో పరిమితి పాటించినవారిలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. మరో విశేషం గమనార్హం. ఆందోళన మాత్రం రెండు వర్గాల్లోనూ తగ్గింది! ఎందుకంటే ఇరువర్గాలూ తమ వాడకాన్ని నమోదు చేసి చూపవలసి వచ్చింది. తమను తాము గమనించుకోవడమే మేలు చేసి ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

మనం గ్రహించవలసింది ఇదే. పైసాకు లెక్క చూసుకునే మనం గంటలకు లెక్క చూసుకోవడం లేదు. ఏ యాప్‌కు ఎంతసేపు పోయిందో ఫోనే చెబుతుంది. వారానికోసారి పిల్లలు ఆ లెక్క చూసుకోవాలి. పెద్దలు కూడా తమ లెక్క వారి ముందుంచాలి. మన చేతిలో ఫోను పెట్టుకుని చేసే హితబోధ చెవికెక్కదు.

అయినా కలత తగ్గక నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే దాన్ని బద్ధకమని కొట్టిపారేయరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అలజడి పెంచిన ఫోనునే ఆదుకునే సాధనంగా మలచుకోవడం మన చేతుల్లోనే ఉంది.