లేసు స్త్రీల చేతినొప్పి

నరసాపురపు లేసునకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. వసిష్ఠ గోదావరికి ఈవల నరసాపురము, పాలకొల్లు ప్రాంతములయందును, ఆవల రాజోలు సీమయందును స్త్రీలు అల్లిన సరకు దేశాంతరములకు పోవుచున్నది. ఈ గౌరవమునకు మేమును సంతసించుచున్నాము. కాని గుర్తింపు లేసునకు వచ్చినది. దానిని అల్లిన చేతులకు రాలేదు. ఆ చేతుల బాధను గూర్చియే నేడు మా పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఈ అల్లికను ఇచ్చట నేర్పిరి. నాటినుండియు ఇది ఇల్లు కదలకుండ చేయదగిన పని యని పేరు పొందినది. కూలికి పోవుట చిన్నతనమని తలంచు కుటుంబముల స్త్రీలు సైతము దీనిని చేపట్టుటకు అదియే కారణము. “తీరికవేళ నాలుగు పువ్వులు అల్లుకొనును” అని ఇంటి యజమానులు చెప్పుచుందురు. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ తీరికయొక్క నిజస్వరూపమును బయటపెట్టినది. ఇంటిచాకిరి యంతయు చేసికొని, ఆపైన దినమునకు 6 మొదలు 8 గంటలవరకు ఆ స్త్రీలు సూది పట్టుచుండిరని ఆమె చూపినది. ఎనిమిది గంటల పనిని తీరిక యనుట ఏ నిఘంటువు ననుసరించి?

అల్లికకు దేహబలము పెద్దగా అక్కరలేదు. అందువలననే దానివలన కీడు కలుగునని ఎవరును తలంపరు. సన్నని కొక్కెపు సూదిని వ్రేళ్లకొనలతో నొక్కిపట్టి, మణికట్టును ఒకే తీరున వేలసారులు త్రిప్పవలయును. రెండవచేయి దారమును బిగబట్టియుండవలయును. మెడ వంగియే యుండును. ఇట్లు విరామము లేక జరుగగా, కండరములను ఎముకలకు బిగించు స్నాయువులు తమ యొరలలో రాచుకొని వాచును. మణికట్టులోని ఇరుకుదారిన పోవు నాడి ఒత్తుకొనును. మొదట రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరి యెక్కును. చేయి విదిలించినచో తగ్గును. పిమ్మట పట్టు సడలి చేతిలోని గ్లాసు జారును. తొలిదశలో వైద్యుని చూచి, చేతికి విశ్రాంతి యిచ్చి, రాత్రులందు మణికట్టు వంగకుండ కట్టు కట్టుకొన్నచో పెక్కురకు నెమ్మదించును. ఉపేక్షించినచో శస్త్రచికిత్సవరకు పోవును. బొటనవ్రేటి మొదటి కండ క్షీణించుటయు కలదు.

ఇది క్రొత్త వ్యాధి కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1713లోనే లేఖకుల చేతిబాధకు ఎడతెగక కలము నడుపుట కారణమని వ్రాసెను. బ్రిటనులో తంతి గుమాస్తాల చేతిపట్టును 1908లో నష్టపరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధిగా అంగీకరించిరి. అంతర్జాతీయ కార్మికసంస్థవారి 2010 నాటి పట్టికలో మణికట్టు నాడి యొత్తిడియు చేరియున్నది. గుమాస్తా చేయి నొచ్చినచో వృత్తివ్యాధి. ఇల్లాలి చేయి నొచ్చినచో “వయసు మీదపడినది” అందుము! ఈ భేదము వ్యాధిలో లేదు. కొలువు పుస్తకమున పేరుండుటలో నున్నది.

నివారణోపాయములు కష్టమైనవి కావు. గంట కొకమారైనను కొన్ని నిమిషములు సూదిని దింపవలయును. సూది పిడికి మెత్తని గుడ్డ చుట్టి లావు చేసినచో వ్రేళ్లపై నొక్కుడు తగ్గును. వీపునకు ఆనుడు, మోచేతులకు దిండు, మంచి వెలుతురు ఉండవలయును. సూది దింపిన చేతితోనే వెంటనే తడిబట్టలు పిండుట, పిండి పిసుకుట తగదు. ఆ పనులకు ఇంటిలోని పురుషుడు చేయి వేసినచో ఆయన గౌరవమునకు లోపము రాదు. ఊడ్పుల దినములలో ప్రొద్దున్నుండి నడుము వంచియే యుండు కూలి స్త్రీకి నడుమ నడుమ విరామ మిచ్చుటయు రైతులకు ఇట్టి ధర్మమే.

అయినను విశ్రాంతి తీసికొమ్మని చెప్పుటతో మన పని తీరదు. కూలి అల్లిన ముక్కను బట్టి వచ్చునది. సూది నిలిచిన కూలియు నిలుచును. చాలని కూలి యిచ్చి విశ్రాంతిని ఉపదేశించుట ఆకలిగొన్నవానికి పథ్యము చెప్పుటవంటిది. కావున ఎగుమతి వర్తకులు కూలిరేట్లు కట్టునపుడు విరామకాలమునుగూడ లెక్కగట్టవలయును. ప్రాణము తోడు తొందర పెట్టు గడువులను మానవలయును.

ప్రభుత్వమువారి బాధ్యత అంతకంటె పెద్దది. ఇంటియొద్ద పనిచేయువారును కార్మికులేయని 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టమే చెప్పినది. వారి ఆరోగ్యరక్షణకు ఇతర కార్మికులతో సమానమైన హక్కు కలుగవలయునని 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థవారు ఒడంబడిక చేసిరి; దానికి మనదేశము ఇంకను ఆమోదముద్ర వేయలేదు. ఆ ముద్ర పడువరకు వేచియుండ నక్కరలేదు. లేసు గ్రామములందలి ఆరోగ్యకేంద్రములవారు ఏటేట ఈ స్త్రీల చేతులను పరీక్షింపవచ్చును. అల్లిక నేర్పుచోట్ల కూర్చుండు తీరునుగూడ నేర్పవచ్చును.

మా పాఠకులలో పెక్కుర యిండ్లలో తల్లియో, అత్తగారో, కోడలో ఈ సూది పట్టినవారే. వారి చేతులు రాత్రులందు తిమ్మిరి యెక్కుచున్నవా యని నేడే అడిగి తెలిసికొందురు గాక. అడుగనిదే వారు చెప్పరు; చెప్పుటకు అది పని యని వారికే తోచకుండ మనము చేసితిమి.