మనుషులున్న అడవికే రక్ష

2023 జూన్‌లో క్యుబెక్ అడవుల మంటల పొగ న్యూయార్క్, న్యూజెర్సీలను కమ్మేసింది. అక్కడున్న తెలుగు కుటుంబాలూ ఆ గాలే పీల్చాయి. ఆ ఏడాది కెనడాలో దాదాపు 1.5 కోట్ల హెక్టార్లు తగలబడ్డాయి. స్కూలు పుస్తకాల్లో టైగాగా చదువుకున్న ఈ బోరియల్ అడవి చాలామందికి పొగగానే ఎదురుపడటం బాధాకరం.

నిజానికి నిప్పు ఆ అడవికి పరాయిది కాదు. అక్కడి జాక్ పైన్ చెట్ల కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి, సెగ తగిలితే విచ్చుకుని విత్తనాలు రాలుస్తాయి. ప్రమాదమల్లా మంటలు వెంటవెంటనే రావడంలో ఉంది. కొత్త మొక్కలు కాపుకు రాకముందే బూడిదవుతాయి. చెట్లలో కంటే ఎక్కువ కార్బన్‌ను దాచుకున్న నేల కూడా కాలుతుంది. వాయవ్య అంటారియోలో మూలవాసులైన అనిషినాబే పెద్దలు వసంతంలో, అడవిలో మంచు ఇంకా కరగకముందే, నీటి ఒడ్డున ఎండిన గడ్డికి నిప్పుపెట్టేవారు. ఆ పద్ధతిని నేరంగా చూసిన ప్రభుత్వాలు ఎంత అనుభవాన్ని పోగొట్టుకున్నాయో ఇప్పుడు తెలిసివస్తోంది.

మనిషిని బయటికి పంపితేనే అడవి బతుకుతుందన్న ఆలోచనకు పిమాచియోవిన్ అకి గట్టి జవాబు. మానిటోబా, అంటారియో సరిహద్దులో 29,040 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాలని అనిషినాబే సమాజాలు కోరితే 2013లో నిర్ణయం వాయిదా పడింది. ప్రకృతికి ఒక కొలమానం, సంస్కృతికి మరొకటి పెట్టుకున్న యునెస్కో పద్ధతిలో వారి వాదన ఇమడలేదు. తమ వేట దారులు, నదులు, పూర్వీకులు పేర్లు పెట్టిన చోట్లు అన్నీ కలిస్తేనే అడవి అని వారు పట్టు వదల్లేదు. 2018లో రెండు విలువలకూ కలిపి గుర్తింపు దక్కింది. కెనడాలో అలాంటిది అదే మొదటిది.

ఈ అడవి కోసం మానిటోబా ప్రభుత్వమూ మూల్యం చెల్లించింది. విన్నిపెగ్ సరస్సుకు తూర్పున దగ్గరి దారిలో వెళ్లగలిగే బైపోల్ 3 విద్యుత్ లైనును పడమటికి మళ్లించింది. దూరం, ఖర్చు పెరిగాయని తీవ్ర విమర్శలొచ్చాయి. చీలని అడవిని మళ్లీ కొనలేం కనుక ఆ ఖర్చు సబబే.

అయితే గుర్తింపు రావడానికి కొద్ది వారాల ముందే, 2018 మేలో, ఆ అడవిలోని లిటిల్ గ్రాండ్ రాపిడ్స్, పావింగాసీ వాసులు మంటలకు ఊళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. గుర్తింపు ఒక్కటే సరిపోదు, అడవిని కాచే మనుషులూ కావాలి. తమ నేలను తామే కాచుకునే మూలవాసీ రక్షకుల కార్యక్రమానికి 2017 బడ్జెట్‌లో కెనడా ఐదేళ్లకు 2.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అంత పెద్ద దేశానికి అది చాలా తక్కువ. గడువు పెట్టి ఇచ్చే ఇలాంటి గ్రాంట్లు కాదు, అటవీ సిబ్బందికిచ్చినట్టే ఈ రక్షకులకూ శాశ్వత జీతాలు, నిప్పు పెట్టాలా వద్దా అని నిర్ణయించే అధికారం ఇవ్వాలి.