రెక్కకు మార్కులు, గేరు బాక్సుకు సున్నా

మా క్లాసులో లాంబోర్గిని బొమ్మ అతికించని నోటుబుక్కు దొరకడం కష్టం. అందులోనూ కౌంటాచ్ అంటే ప్రాణం. ఎందుకురా అంటే పైకి లేచే తలుపులు, వెనక రెక్క అంటారు. నా పేచీ ఆ రెక్కతోనే. 1974లో అమ్మకానికొచ్చిన మొదటి ఎల్‌పీ400కు అది లేనేలేదు. తర్వాత కావాలన్నవాళ్లు డబ్బిచ్చి పెట్టించుకున్నారు. దాంతో కారు వేగం పెరగలేదు సరికదా, తగ్గింది!

అసలు పనితనం రేకుల కింద ఉంది. అంతకుముందు మియురా కారులో పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. కౌంటాచ్‌లో పావొలో స్టాంజాని అనే ఇంజనీరు దాన్ని బండి పొడవునా తిప్పాడు. అలా తిప్పి గేరు బాక్సును దాని వెనక పెడితే బండి సాగుతుంది, బరువంతా తోకలో పడుతుంది. అందుకని గేరు బాక్సును ఇంజన్‌కు ముందు, రెండు సీట్ల మధ్యకు తెచ్చాడు. గేరు రాడ్డు నేరుగా దాని మీదే నిలబడింది. మరి వెనక చక్రాలు తిరిగేదెట్లా? ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు గుండానే ఒక షాఫ్టు వేసి, శక్తిని మళ్లీ వెనక్కి పంపాడు. ఇంజన్ 3.9 లీటర్ల నుంచి 5.2 లీటర్లకు పెరిగినా, 1990లో ఆ మోడల్ ఆగేదాకా ఈ అమరిక మారలేదు. భుజాల మీది గాలి డబ్బాలు కూడా సోకు కోసం కాదు. 1971లో జెనీవాలో చూపించిన నమూనా నున్నగా ఉండేది, కానీ ఇంజన్ వేడెక్కింది. అవి అందుకొచ్చాయి.

ఇవన్నీ మెకానిక్కు పనులే కదా? మరి మార్కులు తగ్గితే "పో, గ్యారేజీలో స్పానర్లు పట్టుకో" అని మన పెద్దలు తిడతారే, అదెలా తిట్టయింది? ఫెరూచ్చియో లాంబోర్గిని రైతుబిడ్డ. యుద్ధం అయ్యాక మిలిటరీ వదిలేసిన బండ్ల సామాన్లతో ట్రాక్టర్లు చేశాడు. ట్రాక్టర్ కంపెనీ 1948లో, కార్లు 1963లో. ముందు నాగలి, తర్వాతే రేసు.

కోట్ల కారు మనకెందుకు అనేవాళ్లుంటారు. కారు వద్దు సరే, ట్రాక్టరు? కుశనూర్ నల్లరేగడిలో రోటవేటర్ తిప్పేది కూడా ఇంజన్ నుంచి వెనక్కి శక్తి తెచ్చే షాఫ్టే. దాన్ని రోజూ చూస్తాం, ఏ పరీక్షలోనూ రాయం.

సార్లకు, టీచర్లకు నా విన్నపం ఒకటే. ఒక్క సైన్స్ పీరియడ్ ట్రాక్టరు దగ్గర పెట్టండి. మేస్త్రిని పిలిచి, కుర్చీ వేసి, ఆయన్నే చెప్పమనండి. మేం నేల మీద కూర్చుని రాసుకుంటాం.