కొండ దాటని మన గొంతు

ఒడిశాలోని కంధమాల్ మనకి పరాయి చోటు కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళమూ, ఇప్పుడు కంధమాల్‌లో ఉన్న బాలిగుడ ఏజెన్సీ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. ఇవాళ్టికీ విజయనగరంలో రైలెక్కి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటి మునిగుడలో దిగితే ఆ కొండలకి రోడ్డుంది. అయినా అక్కడి ఏడుగురు పేద క్రైస్తవులు దాదాపు పదకొండేళ్లు జైల్లో మగ్గుతుంటే ఉత్తరాంధ్రలో చదువుకున్నవాళ్లం, రాసేవాళ్లం, సభలు పెట్టేవాళ్లం పట్టించుకోలేదు.

2008 ఆగస్టు 23, కృష్ణాష్టమి రాత్రి. తుముడిబంధ దగ్గర జలేస్‌పటా ఆశ్రమంలో స్వామి లక్ష్మణానంద సరస్వతిని, మరో నలుగురిని కాల్చి చంపారు. ఎనభై దాటిన వృద్ధుడు ఆయన. మత మార్పిళ్లకు వ్యతిరేకంగా నలభై ఏళ్లు ఆ కొండల్లో పనిచేశారు. ఆయన వాదంతో ఎంత పేచీ ఉన్నా ఆ హత్య ఘోరం. మనలో కొందరు ఆ మాట కూడా గట్టిగా అనలేదు. అది మొదటి తప్పు.

ఆ తర్వాత జరిగింది మరీ ఘోరం. ప్రతీకారం పేరుతో క్రైస్తవుల ఊళ్లకి ఊళ్లు తగలబెట్టారు. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు నలభై మంది చనిపోయారు. అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయినవాళ్లని ఇంటికి రావాలంటే మతం వదిలి రమ్మన్నారు. తిండికీ గూటికీ వెల కట్టి దేవుణ్ణి మార్పించడం కూడా మత మార్పిడే. బలవంతపు మార్పిడి అని వేదికలెక్కి గొంతు చించుకున్నవాళ్లు ఈ బలవంతం ఊసెత్తలేదు. వాళ్లని నిలదీయవలసిన మనమూ ఎత్తలేదు.

హత్య చేసింది తామేనని మావోయిస్టు నాయకుడు సవ్యసాచి పండా ఆ అక్టోబరులోనే ప్రకటించాడు. అయినా కోటగఢ్ వైపు పల్లెల నుంచి ఏడుగురిని పట్టుకెళ్లారు. చర్చివాళ్లు కుట్ర పన్ని చంపించారన్నది ఆరోపణ. 2013లో ఫుల్బాణీ కోర్టు వాళ్లకీ, ఆంధ్రకి చెందిన ఒక మావోయిస్టుకీ యావజ్జీవం వేసింది. అప్పీలు కటక్ హైకోర్టులో ఏళ్ల తరబడి నానింది. చివరికి 2019లో సుప్రీంకోర్టు విడతలవారీగా బెయిలిచ్చింది. ఆంటో అక్కర అనే మలయాళీ పాత్రికేయుడు పదేపదే ఆ కొండలెక్కి, వీళ్లు నిర్దోషులంటూ పుస్తకం రాశాడు, సంతకాలు పోగుచేశాడు. కేరళ ఎక్కడ, మనమెక్కడ!

శ్రీకాకుళం కథకి తెలుగు సాహిత్యంలో గొప్ప పేరుంది. తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. శ్రీకాకుళ ఉద్యమం నాటి జైళ్లూ, ఎదురుకాల్పులూ, పార్వతీపురం కుట్ర కేసూ తెలిసిన తరం ఇంకా మనమధ్య ఉంది. కుట్ర కేసులో మామూలు మనుషులు ఎలా నలుగుతారో ఆ తరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి ఈ ఏడుగురి కోసం ఎన్ని సభలు పెట్టాం? ఎంతమంది వకీళ్లని పంపాం? మిషన్ బడుల్లో అక్షరాలు దిద్దుకుని, మిషన్ ఆస్పత్రుల్లో ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలు బొబ్బిలిలో, సాలూరులో, పాలకొండలో ఎన్ని లేవు! వాళ్లూ నోరు విప్పలేదు. మన చర్చిలు ప్రార్థనల్లో తలచుకుని ఊరుకున్నాయి. హేతువాదులం ఇది రెండు మతాల గొడవన్నాం. వామపక్షం వాళ్లం మావోయిస్టు పేరు వినబడగానే మాట మింగేశాం.

అసలు కారణం ఇంకోటుంది, అది ఒప్పుకోవాలి. "కిరస్తానంలో కలిసిపోయారు" అని మన ఊళ్లలో ఒక దళిత కుటుంబం గురించో, సవర కుటుంబం గురించో అన్నప్పుడు ఆ గొంతులో ఉండే చులకన మనదీ. మతం మారినవాడు ఎంతోకొంత నేరం చేసినవాడేనన్న అనుమానం మనలోనూ ఉంది. అందుకే జైలుశిక్ష వార్త చదివి, ఏదో చేసే ఉంటారులే అనుకుని పేజీ తిప్పేశాం.

బెయిలు వచ్చినంత మాత్రాన పోయిన ఏళ్లు తిరిగి రావు, పడిన శిక్షా రద్దు కాదు. రేపు మన మండలంలో మతం పేరుతో ఒక పేదవాడిమీద కేసు పెడితే, ఆ రోజే స్టేషన్‌కి అతని వెంట వెళ్లండి. కోర్టు వాయిదాకి వాళ్లావిడకి తోడుగా ఒకరైనా వెళ్లండి.