అయిదు సూతుల బోల్టు

మొన్నటి మాసూళ్లలో జరిగిన సంగతి. మా కార్యవర్గ సభ్యుడొకరి ట్రక్కు ధాన్యం బస్తాలతో కాలువ గట్టు ఎక్కుతోంది. ఇంకో బారెడు దూరంలో గట్టు మీదికి చేరుతుందనగా ముందు హుక్కు పట్టీ ఊడిపోయింది. ట్రాక్టరు ముందుకు, ట్రక్కు వెనక్కు. తాటిమొద్దు అడ్డం పడబట్టి ఆగింది గానీ, లేకపోతే కాలువలోనే. బస్తాల మీద కూర్చుని వచ్చిన ఇద్దరు కూలీలు గట్టు మొదట్లోనే దిగి పక్కన నడుస్తున్నారు. అది వాళ్ల అదృష్టం, మన అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు బండి తోలతాం?

ఆ సాయంత్రం మేం నలుగురం టార్చిలైటు వేసుకుని కూర్చుని ఊడిన పట్టీని చూశాం. ఆ ట్రక్కు 1979లో వాళ్ల నాన్నగారు పట్టణంలో ఒక షెడ్డులో చేయించింది. షెడ్డూ లేదు, మేస్త్రీ లేడు. ఇరుసు, చట్రం మాత్రం చెక్కుచెదరలేదు. హుక్కు పట్టీకి ఆరు బోల్టులు. అందులో నాలుగింటికి రెండేళ్ల కిందట నట్లు మార్చారు. తప్పు అక్కడ జరిగింది.

పాత బోల్టులు అయిదు సూతులవి. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అయిదు సూతులంటే 15.9 మిల్లీమీటర్లు. కొట్లో కుర్రవాడు కంటితో చూసి పదహారు నంబరు నట్లు ఇచ్చాడు. లావు ఇంచుమించు ఒకటే కదా అనుకున్నాడు. మనవాళ్లూ అనుకున్నారు. కానీ లావు కలిస్తే చాలదు, మర కలవాలి. పాత అంగుళాల బోల్టుకు అంగుళం పొడవులో 11 మరలు ఉంటాయి. పదహారు నంబరు మిల్లీమీటరు బోల్టుకు మరకూ మరకూ మధ్య సరిగ్గా 2 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 13కు కాస్త తక్కువ. మర కోణం కూడా వేరు, దానిది 55 డిగ్రీలు, దీనిది 60. అలాంటి నట్టు ఒకటి రెండు చుట్లు చేత్తో తిరిగి బిగుసుకుంటుంది. బలంగా పానా వేస్తే మరలను కోసుకుంటూ ఎక్కుతుంది. పైకి బిగిసినట్టే ఉంటుంది. లోపల మాత్రం సగం మర పోయి ఉంటుంది. సమతలం మీద రెండేళ్లు నడిచింది. గట్టు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కు లాగేసరికి జారింది.

పాత ట్రక్కును బాగుచేసేటప్పుడు పాత కొలత సామానే వెతకాలని మేం అనేది అందం కోసం కాదు. పాత వస్తువుల మోజూ కాదు. బండి ఏ కొలతతో పుట్టిందో ఆ కొలతే దాని బరువును మోస్తుంది. ఆ సామాను దొరకదా? దొరుకుతుంది. అంగుళాల బోల్టులు ఇప్పటికీ తయారవుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ అడిగే విధంగా అడిగితే ఇస్తారు. అడిగే విధం తెలియకపోవడమే చిక్కు.

కాబట్టి మన సభ్యులకు నాలుగు మాటలు. పాత బోల్టు పారేయకండి, విరిగిన ముక్కయినా జేబులో వేసుకుని వెళ్లండి. స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. నట్టు చేత్తో చివరిదాకా తిరగాలి, పానా పెడితే తప్ప తిరగని నట్టు మీది కాదు. మిల్లీమీటరు బోల్టే వేయాలనుకుంటే బోల్టూ నట్టూ రెండూ మార్చండి, రంధ్రం లూజు లేకుండా చూసుకోండి.

తల మీద అంకెలు చూడండి. 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడుకు తట్టుకునే ఉక్కు. 4.6 అంటే అందులో సగమే. ఏ అంకే లేని బోల్టు తలుపు గొళ్లేనికి చాలు గానీ హుక్కుకు చాలదు. గట్టి ఉక్కు బోల్టుకు వెల్డింగు పెట్టించకండి, ఆ వేడికి దాని బలం పోతుంది. బేరింగు మార్చేటప్పుడు దాని మీద చెక్కిన నంబరు రాసుకోండి. కమాను కట్టల యూ బోల్టులు కొత్తవి వేస్తే మొదటి లోడు దించాక మళ్లీ బిగించండి. హుక్కు పిన్ను స్థానంలో స్లాబు ఊచ ముక్క దూర్చే అలవాటు ఈ రోజుతో మానండి.

ఇదంతా రైతు ఒక్కడి జాగ్రత్తతో తీరేది కాదు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అయినా ఆ ట్రాక్టర్ల సామాను బజారులో దొరుకుతోంది. ఎందుకంటే ప్రతి భాగానికీ ఒక నంబరుంది, పుస్తకముంది. మన ట్రక్కులకు ఏముంది? ఏ ఊరి షెడ్డులో ఆ కొలత. చేసిన మేస్త్రీ పోతే కొలతా పోయినట్టే. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ హక్కు వర్తించాల్సిన రంగాల్లో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. మంచిదే. పెద్ద కంపెనీల నుంచి పుస్తకాలు రాబట్టడానికి అది పనికొస్తుంది. కానీ పల్లెల్లో తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి కంపెనీయే లేదు. వాటి సంగతి ఎవరు చూస్తారు?

పన్ను విషయమూ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు విడిభాగాలు చాలావాటి మీద 18 నుంచి 5కు తగ్గింది. స్వాగతిస్తున్నాం. అయితే కొట్లో విడిగా కొనే నట్టూ బోల్టూ 18 శాతంలోనే ఉండిపోయాయి. కొత్త బండి కొనేవాడికి ఊరట, పాతబండి బాగుచేసుకునేవాడికి లేదు. చిన్నరైతు ఎక్కువగా ఉండేది ఆ రెండో వరుసలోనే.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అక్కడ బోల్టు ఊడిందని మేం అనడం లేదు. మనుషులను ట్రక్కులో ఎక్కించకూడదని చట్టం చెబుతోంది. నాట్ల రోజుల్లో ఏ ఊళ్లోనైనా ఎక్కిస్తూనే ఉన్నాం. బస్సు లేని ఊళ్లకు కూలీలు వెళ్లే దారి ప్రభుత్వం చూపించాలి. ఈలోగా మన బండి వాళ్ల ప్రాణం మీదికి రాకుండా చూసుకోవడం మన బాధ్యత. ట్రాక్టరుకు పాటల బాక్సులు బిగించడానికి వెనకాడని మనం హుక్కు పిన్ను దగ్గర బేరమాడుతున్నాం. ఈ మాట మనల్ని మనం అనుకోవాల్సిందే.

మా డిమాండ్లు ఇవి. ట్రక్కు తయారుచేసే ప్రతి షెడ్డూ బోల్టుల కొలతలు, బేరింగు నంబర్లు, మోయగల బరువు చెక్కిన రేకు చట్రానికి బిగించాలి. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాల్లో మర కొలిచే గేజీ, పానాల సెట్టు, తెలిసిన మనిషి ఉండాలి. వ్యవసాయ ట్రక్కుల మరమ్మతు సామాను మీద పన్ను 5 శాతానికి తేవాలి.

ప్రభుత్వం కదిలేలోగా మన గ్రామ శాఖలు ఒక పని చేయగలవు. తొలకరికి ముందు ఒక ఆదివారం ఊళ్లో ట్రక్కులన్నీ ఒకచోట నిలపండి. ఊళ్లో ఉన్న పాత మేస్త్రీని పిలిచి కుర్చీ వేయండి. ఒక్కో బండి కొలతలూ చెప్పించి, నోటు పుస్తకంలో రాయించండి. ఆయన తలలో ఉన్న లెక్క ఆయనతోనే పోకూడదు. మా ఊళ్లో ఆ పని మొదలుపెట్టాం. తాటిమొద్దు ఆపిన ట్రక్కు పేరే ఆ పుస్తకంలో మొదటి పేజీ.