పెంకు తిరగేయాల్సిన వేళ

సంక్రాంతికి గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లు చేరే కుటుంబాల్లో చాలా వాటికి ఓ పాత ఇంటి సంగతి తేలకుండా ఉంటుంది. ముత్తాతో తాతో కట్టించిన మండువా లోగిలి. వీధరుగు బీటల్లో రావి మొక్క మొలిచింది, ఓ పక్క పెంకు జారింది, ఒకటి రెండు వాసాలు వంగాయి. పడగొట్టి డాబా వేద్దామని ఒకరు, బాగు చేయిద్దామని ఇంకొకరు, ఖాళీ స్థలంగా అమ్మేస్తే గొడవ ఉండదని మరొకరు. భోజనాల దగ్గర మొదలైన మాట తిరుగు ప్రయాణం హడావిడిలో తెగిపోతుంది. మళ్లీ పండగ దాకా దాన్ని ఎవరూ ఎత్తరు. ఈలోగా ఇంకో వానాకాలం ఆ ఇంటి మీదుగా వెళ్లిపోతుంది.

అలాంటి ఇల్లు ఎందుకు పాడవుతోందంటే అందరూ చెప్పే జవాబు ఒకటే: పాతదైపోయింది. ఈ జవాబు తప్పని మా నమ్మకం. నూరేళ్ల టేకు దూలాలు, గానుగ సున్నపు గోడలు వయసు మీరి కూలవు. ఏళ్ల తరబడి వాటిని నిలబెట్టిన పనులూ వేడుకలూ ఆ గడప దాటి వెళ్లిపోయాయి, అందుకే కూలుతున్నాయి. మేస్త్రీని పిలిచే ముందు ఆ పనులేమిటో, ఆ వేడుకలేమిటో తలచుకోవడం అవసరం.

ఈ ఇళ్లను కాలువ నీళ్లు కట్టించాయి. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. నది పక్కనే పారుతున్నా గోదావరి జిల్లా రైతు ఆ రోజుల్లో వాన కోసం ఆకాశం వంక చూడాల్సి వచ్చేది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేయించాడు. 1855కు విజయవాడ దగ్గర కృష్ణ మీదా ఆనకట్ట లేచింది. కాలువలు చేలకు నీరూ, ధాన్యం పడవలకు దారీ అయ్యాయి. రెండు మూడు తరాలు తిరిగేసరికి వరి మీద మిగిలిన డబ్బుతో లోగిళ్లు లేచాయి. టేకు దుంగలను ఎగువ అడవుల్లో తెప్పలుగా కట్టి గోదావరి మీదే దింపేవారు. సముద్రం చేరువ కాబట్టి గుల్లసున్నానికి కొదవ లేదు. పైకప్పుకు మొదట కుమ్మరి చేతి నాటు పెంకు ఉండేది. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టాక ఆ అచ్చు పెంకు మన ఊళ్లకూ చేరింది.

మండువా అందం ఎవరికైనా కనిపిస్తుంది. నాలుగు వైపులా చూరు లోపలికి వాలి ఉంటుంది, వాన నడి ఇంట్లో పడి తూము గుండా పెరట్లోకి పోతుంది, ఉక్కపోత రోజుల్లో వేడి గాలి ఆ ఖాళీలోంచే పైకి పోతుంది. అయితే ఈ కట్టడం వెనక ఉన్న పని మన కంటికి ఆనదు. నాగలి, బండి, కాడి వరుసలో చేర్చాల్సిన వ్యవసాయపు పనిముట్టు ఇది. కళ్లం నుంచి వచ్చిన ధాన్యం పెరట్లో పురికెక్కేది. విత్తనాలు అటక మీద ఉండేవి. మినుములు, పెసలు వసారాల్లో ఆరేవి, మబ్బు పడితే చూరు కిందికి జరిపేవారు. కూలి లెక్కలు, కౌలు మాటలు వీధరుగు మీద నడిచేవి. పాకలో పశువులు ఉన్నాయి కాబట్టి అలకడానికి పేడ ఉండేది. కట్టెల పొయ్యి పొగ వాసాలకు పట్టి పురుగును దగ్గరికి రానిచ్చేది కాదు. ఇంట్లో ఏ మూల చూసినా రోజూ ఎవరో ఒకరు తిరిగేవారు. జారిన పెంకు ఆ పూటే కంటపడేది, చెద బారిన గుంజను ఆ వారమే గీకేవారు.

ఇక శుభకార్యాలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత ఆ రెంటినీ ఊరికే జత చేయలేదు. లగ్నపత్రిక రాసుకున్న మర్నాడే పెద్దాయన చూపు పైకప్పు మీద పడేది. పెంకు దించి, పగిలినవి ఏరేసి, రీపర్లు మార్చి తిరగేయించేవారు. గోడలకు సున్నం, తలుపులకు చమురు, పెరట్లో కొత్త పొయ్యిలు, ఆ తర్వాతే పందిరి రాట. ఆ ఖర్చంతా పెళ్లి పద్దులో కలిసిపోయేది. ఇంటి మరమ్మతు అని వేరే లెక్క రాసిన ఇల్లు అరుదు. కూతురు పురిటికి వస్తోందంటే ఓ గది బాగుపడేది. బారసాల, అన్నప్రాశన, ఓణీలు, పంచెలు, షష్టిపూర్తి, ఆఖరికి పెద్దకర్మ కూడా తాపీ మేస్త్రీనో వడ్రంగినో ఇంటికి రప్పించేవి. అరడజను మంది పిల్లలున్న ఆ రోజుల్లో రెండు మూడేళ్లకో శుభకార్యం తప్పదు. ఏ వేడుకా లేని ఏడాది పెద్దపండగ ఉండనే ఉంది. భోగికి ముందే సున్నం పడాలి, పుచ్చిన చెక్క మంటలోకి పోవాలి, దాని చోట కొత్తది రావాలి. అంటే ఆ కుటుంబం చరిత్రే ఆ ఇంటి మరమ్మతుల పట్టిక. ఫలానా వసారా ఎప్పుడు మార్చారని అడిగితే ముసలమ్మలు సంవత్సరం చెప్పరు, రెండో ఆడపడుచు పెళ్లికి అంటారు.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా విరిగిపోలేదు. వరికోత యంత్రం చేలోనే ధాన్యం రాలుస్తోంది. తేమ 17 శాతానికి మించితే కొనరు కాబట్టి రోడ్డు పక్కన పట్టాల మీద ఆరబోసి, అటునుంచి అటే లారీలో మిల్లుకు పంపుతున్నారు. పండించిన రైతే బియ్యం బస్తా కొనుక్కుంటున్నాడు. ట్రాక్టరు వచ్చాక పాకలో పశువులు తగ్గాయి. కాన్పు ఆసుపత్రికి, పెళ్లి ఫంక్షన్ హాలుకు, తద్దినం సత్రానికి వెళ్లాయి. వీటిలో దేన్నీ తప్పు పట్టలేం. ఆసుపత్రి కాన్పులు ఎందరో బాలింతల ప్రాణాలు నిలిపాయి, గ్యాసు పొయ్యి ఆడవాళ్లను పొగ నుంచి బయటపడేసింది. కానీ ఒక్కో మార్పుతో ఆ ఇంటికి మేస్త్రీని పిలవాల్సిన కారణం ఒక్కోటి తగ్గుతూ వచ్చింది. చివరికి తాళం మిగిలింది.

పాత లోగిళ్ల గురించి రాసేటప్పుడు ఒక్క వైభవమే రాసి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ గరిసెలు నింపిన పాలేరు ఆ ఇంటి గడప లోపలికి రాలేదు. పెరటి దారినే వచ్చి, పెరట్లోనే తిని వెళ్లాడు. కోడళ్లు తెల్లారుజామున లేచి అర్ధరాత్రి దాకా వంటింట్లోనే గడిపారు. భర్త పోయిన ఆడవాళ్లు వెనక గదిలో బతుకు వెళ్లదీశారు. ఇల్లు బాగు చేసేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి. దూలాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలన్న పాత కట్టడిని మాత్రం తిరిగి నిలబెట్టకూడదు. బాగుపడిన ఇంట్లో జరిగే మొదటి విందులో ఆ పొలం కౌలుకు చేస్తున్న కుటుంబం మండువాలో, అందరితోపాటు ఒకే బంతిలో కూర్చోవాలి.

ఇంటిని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీస్తున్నవి వాటాలు. పొలాలు పంచుకున్న అన్నదమ్ములు ఇంటిని చాలాసార్లు ఉమ్మడిగా ఉండనిమ్మని వదిలేశారు. తరం మారేసరికి ఆ ఒక్క కప్పు కింద పది పదిహేను మంది హక్కుదారులు తేలతారు. పెంకుకు ఎవరు డబ్బు పెట్టాలో తెలియదు, పెట్టినవారికి రేపు వాటా తగ్గుతుందేమోనని భయం. కొన్నిచోట్ల మండువా నడుమ గోడ లేపి ఇంటిని రెండు చేశారు. వాన నీరు పోయే తూము ఒకరి వైపు ఉండిపోయి, రెండోవారి గోడ నానిపోయింది.

ఈ వాటాల లెక్కలో ఆడపిల్లల పేర్లు ఇప్పటికీ చివర వస్తున్నాయి, కొన్ని ఇళ్లలో అసలు రావడమే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు అది దక్కలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2005 సవరణకు చాలా ముందే రిజిస్టరై ముగిసిన పంపకాల సంగతి వేరు. అవి కాని చోట అక్కచెల్లెళ్లను అడగకుండా పాత ఇంటి మీద ఏ నిర్ణయం చేసినా అది నిలవదు. చట్టం మాట అటుంచినా, పురుళ్లూ పెళ్లిళ్లూ ఆ ఇంట్లో జరిగింది వాళ్లకే. ఏ మూల ఏం ఉండేదో వాళ్లకే బాగా జ్ఞాపకం.

కాగితం సంగతీ ఉంది. గ్రామకంఠంలోని ఇళ్లకు చాలాచోట్ల ఇంటిపన్ను రసీదు తప్ప ఆధారం ఉండదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో గ్రామాల్లోని ఇళ్ల స్థలాలు కొలిచి, యజమానులకు కార్డులు ఇస్తున్నారు. ఆ కొలత జరిగే రోజు ఇంటికి తాళం వేసి ఉంటే మీ తరఫున మాట్లాడేవారు ఉండరు.

ఇక మరమ్మతు. సిమెంటు తెచ్చి పూయడమే బాగుచేయడమన్న భ్రమ ఎన్నో గోడలను తినేసింది. పాత గోడలో ఇటుకను పట్టి ఉంచింది సున్నం. ఎద్దు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి రుబ్బి, కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి తయారుచేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా రాయవుతుంది. నేలలోంచి గోడకెక్కిన చెమ్మ దాని గుండా బయటికి పోగలదు. పైన సిమెంటు పొర పడితే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే ఉండి పైకి పైకి పాకుతుంది, ఉప్పు పొంగి ఇటుక పొడిపొడిగా రాలుతుంది, గోడలో దిగిన దూలం కొన పుచ్చుతుంది. దూలం మొత్తం మార్చాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. పుచ్చిన కొనను కోసి, అదే జాతి కలపతో అతుకు వేయగల వడ్రంగులు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు పని ఇవ్వకపోతే ఆ విద్య వాళ్ల కొడుకుల దాకా చేరదు.

ఈ లోపల తలుపుల బేరగాళ్లు ఊళ్లు తిరుగుతున్నారు. చెక్కడపు ద్వారబంధం, టేకు స్తంభాలు విడిగా కొనుక్కుపోయి నగరాల్లో హోటళ్లకు, విల్లాలకు అమ్ముతున్నారు. ద్వారబంధం తీశాక ఆ గోడ ఒక్క వానకు ఆగదు. ఏ కుటుంబానికైనా డబ్బు అవసరం రావచ్చు, దాన్ని తప్పుపట్టం. కానీ పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇన్ని తరాల వధూవరులను లోపలికి పంపిన గడపను కలప ధరకు అమ్ముకోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ మాట దాచుకోవాలని లేదు.

డెల్టా లోగిళ్ల గురించే రాశాం కానీ ఈ కథ తెలుగు నేలంతటిదీ. రాయలసీమ మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడు మన్ను పరిచేవారు, ఆ పని మానిన ఏడాదే మిద్దె కారుతుంది. తెలంగాణలో గూన పెంకుటిళ్లు, ఉత్తరాంధ్ర తీరంలో గాలివానకు ఎదురొడ్డిన చుట్టిళ్లు, అన్నిటికీ ఏటా మనిషి చేయి పడాలి. ఏ చేయీ పడకుండా నిలిచే ఇంటిని మన పెద్దలు కట్టలేదు, కట్టాలనీ అనుకోలేదు.

అందుకే బాగు చేయడం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ ఇంట్లో ఏం జరగాలన్నది. ఏడాదికి నాలుగు రోజులు తెరిచి ఫొటోలు తీసుకునేందుకైతే అంత ఖర్చు పెట్టకండి, అది మళ్లీ పాడవుతుంది. ఎవరో ఒకరు అక్కడ కాపురం ఉండాలి. ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్లు కావచ్చు, కౌలు రైతు కుటుంబం కావచ్చు, అద్దెకు ఉండే బడి పంతులు కావచ్చు. ధాన్యపు కొట్టును విత్తనాలు దాచుకోవడానికి ఊరి రైతులకు ఇవ్వవచ్చు. పెద్ద పెళ్లి హాలులోనే కానివ్వండి, బారసాల, అన్నప్రాశన, షష్టిపూర్తి వంటివి వంద మందితో మండువాలో చక్కగా జరుగుతాయి. ముందున్న ఒక్క వేడుకకు తేదీ అనుకుంటే చాలు, పెంకు దించడానికి కారణం దొరుకుతుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. వాటాదారులందరూ ఒకేచోట ఉండే రోజు ఏడాదిలో అదొక్కటే. విదేశాల్లో ఉన్నవాళ్లను ఫోనులో కూర్చోబెట్టవచ్చు. సున్నం ముందుగానే కొన్ని వారాలు నానాలి, కాబట్టి అది ఈ పండగ వెళ్లగానే తొట్టిలో పడాలి. దాళ్వా నాట్లు అయ్యాక, ఏప్రిల్లో కోతలు మొదలయ్యేలోపు కూలీలు దొరుకుతారు. పెంకు, వాసాలు ఆ సందులో పూర్తిచేసుకుని, ఎండలు ముదరకముందే గోడ పని చేయించాలి, మండుటెండలో పూసిన సున్నం పొడిబారి బీటలిస్తుంది. జూన్ రెండో వారానికి మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. మేస్త్రీకి కబురు పెట్టేది ఎవరో, లెక్క రాసేది ఎవరో, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుమ నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్లనూ కూర్చోబెట్టుకుని తేల్చండి.