ప్రవేశ రిజిస్టరులో మన హక్కు

ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ 2007లో చట్టమైంది. దానిని తెచ్చిన ముఖ్యమంత్రి పులివెందుల శాసనసభ్యుడే. హైకోర్టు కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది నిలిచింది. అయితే ఆ హక్కు బిడ్డకు చేరే దారి పాఠశాల ప్రవేశ రిజిస్టరు మీదుగానే సాగుతుందన్న సంగతిని మనం తగినంతగా గుర్తించలేదు.

షేక్‌లు బీసీ-ఇలో ఉన్నారు. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వర్గాలకు ఈ రిజర్వేషన్ లేదు. అందుచేత కులం గడిలో 'ముస్లిం' అని మాత్రమే రాసి ఊరుకుంటే, రేపు తహసీల్దారు కార్యాలయంలో ఆ బిడ్డ ఏ వర్గానికి చెందినదో రుజువు చేసుకోవలసిన భారం పేద తల్లిదండ్రుల మీద పడుతుంది. ఆధార్‌లో 'షేక్' అనీ, రిజిస్టరులో 'ఎస్.కె.' అనీ ఉంటే అదొక చిక్కు. తోచిన పుట్టినతేదీ పదవ తరగతి ధ్రువపత్రంలోకి ఎక్కితే దానిని సరిచేయించుకోవడం మరింత కష్టం.

పనిభారం మోస్తున్న ఉపాధ్యాయులను నిందించడం మా ఉద్దేశం కాదు. మేము కోరేది రెండే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలో ప్రవేశం నాడే రాసిన వివరాలను తల్లిదండ్రులకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఉర్దూ మాత్రమే తెలిసిన తల్లికి ఉర్దూలోనే వినిపించాలి. పదవ తరగతి నామినల్ రోల్స్ పంపేముందు మరొకసారి చూపాలి.

మసీదు కమిటీలు జూన్ నెలలో జుమా నమాజు అనంతరం ఈ విషయం గుర్తుచేస్తే చాలు, సగం పని అయినట్లే. చట్టం ఇచ్చిన హక్కును ఒక గడిలోని పొరపాటుకు పోగొట్టుకోరాదు.